తోక ఉన్న సంతకం

డేరియన్, జార్జియా
ఫిబ్రవరి 6

చెల్లి వెర్లీన్‌కి అక్క ఐడెల్లా చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

నేను బతికే ఉన్నాను. మోకాళ్లు పోయాయి, చెవులు పోయాయి, నోరు మాత్రం ఉంది. ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది గాని ఒక్క ముక్క తెలియదు. అందుకే ఈ ఉత్తరాలు. పక్కింటి ఎర్నెస్టీన్ రాసిపెడుతోంది. ముప్పై ఎనిమిదేళ్లు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్న మనిషి. నా నోట్లోంచి ఏది వస్తే అది రాయాలని బైబిలు మీద చెయ్యి వేయించాను.

(బూతులు మినహాయించి. — ఎర్నెస్టీన్)

విషయం ఏంటంటే, నేను క్రెడిట్ కార్డు తీసుకోబోతున్నాను. నవ్వావంటే చూడు. గుమ్మం మీద లాంతరు బొమ్మ ఉంటుందే, దేశమంతా కొట్లు పెట్టిన ఆ పెద్ద బ్యాంకు, అది మూడు రంగుల కాగితాలు నా పేర పంపింది. ఎనభై ఒక్క ఏళ్లకి ఆ దొరలకి నేను గుర్తొచ్చాను. ఎర్నెస్టీన్ మూడు సాయంత్రాలు కూర్చుని చదివి వినిపించింది. పచ్చ కార్డయితే వందకి రెండు డాలర్లు వెనక్కిస్తాడట. ఎర్ర కార్డు పెట్రోలుకి, హోటల్లో తిండికి మంచిదట. నాకు కారు లేదు, పరాయివాడు వండింది తినే ఖర్మ నాకింకా పట్టలేదు. నీలం కార్డు ఉంది చూశావూ, అదీ నా కార్డు. దానికి విమానం మైళ్లు ఇస్తాడు, అవి పోగేస్తే టిక్కెట్టు ఊరికే వస్తుందట. మొదటి మూడు నెలల్లో మూడు వేల డాలర్లు ఖర్చు పెడితే అరవై వేల మైళ్లు బహుమతి. ఇక్కణ్ణుంచి మీ ఊరికి రానూపోనూ సరిపోయి ఇంకా మిగులుతాయని ఎర్నెస్టీన్ లెక్క కట్టింది.

మూడు వేలు నువ్వెక్కడ తగలేస్తావు అక్కా అంటావు. లైటు బిల్లు, మందులు, బియ్యం అన్నీ కలిపినా నాకు నెలకి మూడొందలు దాటదు. కాని నాకో పెద్ద ఖర్చు రాబోతోంది కదే, తప్పించుకోలేనిది! భూస్థాపన ఖర్చు. దానికోసం మూడు వేల నాలుగు వందలు కూడబెట్టాను. డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో మల్లెట్ చేపల అడుగున దాచాను. దొంగవెధవ ఎవడూ చేపల కింద వెతకడు. శవపేటికల లిన్‌వుడ్‌ని అడిగాను. "కార్డు తీసుకుంటాం ఐడెల్లా గారూ, ఇవాళ కట్టేస్తే రేపు ధర పెరిగినా మీకు పెరగదు" అన్నాడు. "నాకు తొందర్లేదు నాయనా, నువ్వు కొలతలు చూడకు" అన్నాను. కార్డు గీకి లిన్‌వుడ్‌కి కట్టేస్తాను. మర్నాడు చేపల కింద సొమ్ము తీసి బ్యాంకుకి కట్టేస్తాను. ఒక్క సెంటు వడ్డీ పడదు. మైళ్లు నావి. చావకముందే నా చావు నాకో ఉపకారం చేస్తుంది. దాని మీద ఎక్కి నిన్ను చూడ్డానికి వస్తాను.

నువ్వు వచ్చి ఇరవై ఏడేళ్లయింది. అమ్మ భూస్థాపనకి వచ్చావు, మళ్లీ మొహం చూపించలేదు. నేను మామూలు చెక్క పెట్టెకి బేరమాడి వచ్చాను, నువ్వేమో టకోమా నుంచి సొమ్ము పంపి ఇత్తడి పిడుల పెట్టె, లోపల తెల్ల సాటిను గుడ్డ ఏర్పాటు చేయించావు. ఇవాళ్టికీ చర్చిలో ఆడవాళ్లు అంటారు, "మీ చెల్లెలు తల్లిని రాణిలా సాగనంపింది" అని. నేను తల వంచుకుని అవునంటాను.

నువ్వు చదువుకున్నదానివి. ఆసుపత్రి కాగితాలు ముప్పై ఏళ్లు చూశావు. నీలం కార్డు గురించి ఏమంటావో రాయి.

ఇట్లు, నా గుర్తు ×


టకోమా, వాషింగ్టన్
ఫిబ్రవరి 19

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. మా ఆయన కర్టిస్ పోయిన ఈ ఆరేళ్లలో ఈ ఇంట్లో అంత గట్టిగా నవ్విన గుర్తు లేదు. నువ్వు రావాలనుకోవడమే నాకు గొప్ప.

కార్డు సంగతి నిదానంగా ఆలోచించు. ఈ బహుమతులు ఊరికే ఇవ్వరు. మైళ్లిచ్చే కార్డుకి రెండో ఏడాది నుంచి తొంభై అయిదు డాలర్లు కట్టాలి. అరవై వేలు అన్నది ఇవాళ్టి మాట. నువ్వు టిక్కెట్టు కొనే రోజుకి అదే టిక్కెట్టుకి ఎనభై వేలు అడగొచ్చు, ఎవరూ ఆపలేరు. ఒక్క నెల కట్టడం మరిస్తే వడ్డీ వందకి ఇరవై ఏడు దాకా ఉంటుంది. నెల నెలా పూర్తిగా కట్టేసే నీలాంటి మనిషికి సాదా కార్డే మేలు, ఏడాది ఫీజు లేనిది. మన రొయ్యల పడవల వాళ్ల సహకార సంఘం వాళ్లూ ఒకటి ఇస్తారు. వందకి ఒకటిన్నర వెనక్కి వస్తుంది. అక్కడ నిన్ను ఎరగనివాళ్లుండరు. పైగా దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ అది ఎక్కడో నమోదవుతుంది, తర్వాత చిక్కు. వయసు పైబడ్డవాళ్లని ఈ పెద్ద బ్యాంకులు ఎలా చూస్తాయో కూడా నీకు తెలియదు. విమానంలో ఆరు గంటలు ఆ మోకాళ్లతో కూర్చోగలవా?

ఏదైనా తీసుకో. ఆ లాంతరు బ్యాంకు మాత్రం వద్దు. వసంతం వెళ్లాక నేనే వస్తాను.

నీ వెర్లీన్


డేరియన్
మార్చి 4

వెర్లీన్‌కి,

నీ సలహా నాలుగు పేజీలు. ఎర్నెస్టీన్ రెండుసార్లు చదివింది. నలభై కారణాలు చెప్పావు. నిజంగా కారణమున్న మనిషి ఒక్కటి చెప్పి ఊరుకుంటుంది. వసంతం వెళ్లాక వస్తానని పోయినేడు కూడా అన్నావు, అంతకుముందేడూ అన్నావు. నీ వసంతాలన్నీ లెక్కపెడితే నాకు నూరేళ్లు నిండుతాయి.

దరఖాస్తు పెట్టేశాను. పోయిన గురువారం ఎర్నెస్టీన్ కారులో బ్రన్స్‌విక్ వెళ్లాం. చర్చి టోపీ పెట్టుకున్నాను. డెలాన్సీ అని ఒకావిడ, మనలాగే నల్లమనిషి, గాజు గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగింది.

"ఇల్లు సొంతమా, అద్దెదా అమ్మా?"

"మా నాన్న తన చేత్తో కొట్టిన మేకులే అన్నీ. అద్దె ఎవడికివ్వాలి?"

"ఏం పని చేసేవారు?"

"పీతలు ఒలిచాను. ఎనిమిదో ఏట షెడ్డులో నిలబడ్డాను, డెబ్భయ్యో ఏట దిగాను. వేళ్లు చూడు."

చూసింది. పాపం మంచిదే. ఎర్నెస్టీన్ మధ్యలో దగ్గి నా మోచెయ్యి గిల్లుతోంది.

"ఎవరికైనా బాకీ ఉన్నారా?"

"ఎవరికీ లేను. పుట్టినప్పటినుంచీ లేను. దేవుడికి పదో వంతు కూడా ముందే ఇచ్చేస్తాను."

చివర్న సంతకం అంది. నాకు రాదన్నాను. దానికి ఆవిడ చెప్పింది, గుర్తు పెట్టొచ్చట, లేదంటే నా బదులు ఇంకొకరు నా పేరు రాయొచ్చట. కాకపోతే నేను నోటితో చెప్పాలి, నా ఎదురుగా రాయాలి, సాక్షి ఉండాలి. అది చట్టమట. "నేను రాయనా?" అని ఎర్నెస్టీన్ అడిగింది. నేను వద్దన్నాను. నా పేరు రాసే చెయ్యి ఒక్కటే ఉంది ఈ లోకంలో, అది టకోమాలో ఉంది అన్నాను.

మర్చిపోయావా? నీకు ఎనిమిదేళ్లప్పుడు నా కూలి చీటీ చదివి, నలభై సెంట్లు తక్కువ రాశాడని ఆ షెడ్డు దొర మొహం మీదే చెప్పావు. వాడు ఎర్రబడిపోయి ఇచ్చాడు. ఆ రోజు నుంచి నా సంతకం నీ పని. కూలి పుస్తకంలో, లైటు కాగితం మీద, పెళ్లి కాగితం మీద, మా ఆయన్ని పూడ్చిన కాగితం మీద, అన్నిటి మీదా. నువ్వు పెళ్లి చేసుకుని పోయాక కూడా కాగితాలు నీకే పోస్టు చేసేదాన్ని. చదవలేను గాని నువ్వు రాస్తుంటే చూసేదాన్ని. చివరి అక్షరం కింద తోక ఒకటి తీసేదానివి, నీళ్లలో రొయ్య వెనక్కి ఎగిరినట్టు. నా పేరుకి తోక పెట్టింది నువ్వే.

కాబట్టి గుర్తు పెట్టి వచ్చాను. రెండు వారాల్లో కబురు వస్తుందట.

×


టకోమా
మార్చి 11

అక్కా,

ఆ దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చు. ఎర్నెస్టీన్ గారిని ఫోను చేయించు, ఇవాళే. ఎందుకని అడక్కు. టిక్కెట్టు నేను కొని పంపుతాను, కిటికీ పక్కన సీటు. ఈ ఒక్క మాట విను.

వెర్లీన్


డేరియన్
మార్చి 25

వెర్లీన్‌కి,

వద్దన్నారు. నన్ను! కాగితంలో ఇలా ఉంది, ఎర్నెస్టీన్ మక్కీకి మక్కీ దించుతోంది: "గతంలో మా బ్యాంకుతో మీకున్న సంబంధం సంతృప్తికరంగా లేనందున మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నాము."

సంబంధమట! ఎనభై ఒక్క ఏళ్లలో నాకున్న సంబంధం ఒక్కటే, అది ఓటిస్‌తో, ఆయన భూమిలో ఉన్నాడు. ఎర్నెస్టీన్ చేత ఎదురు ఉత్తరం రాయించాను. దాని నకలు నీకూ పెడుతున్నాను. నీ టిక్కెట్టు నాకక్కర్లేదు. మాట పడ్డది నేను, తేల్చుకునేదీ నేనే.

×

[జత చేసినది]

లాంతరు బ్యాంకు పెద్దలకి,

నా పేరు ఐడెల్లా స్ట్రిబ్లింగ్. చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను, కాబట్టి మాట ఎక్కడైనా గట్టిగా తగిలితే అది రాసినావిడ తప్పు కాదు.

మీరు కార్డు ఇవ్వనన్నందుకు నాకు బాధ లేదు. అడిగినవాళ్లందరికీ ఇస్తే మీ కొట్టు మూత పడుతుంది. నా బాధ మీరు చెప్పిన కారణంతో. నేను మీకు ఎప్పుడు ఏం చేశాను? మీ గుమ్మం తొక్కింది జీవితంలో ఒకే ఒక్కసారి, కాళ్లు తుడుచుకునే తొక్కాను. అరవై రెండేళ్లు పీతలు ఒలిచాను. గుల్ల ముక్క ఒక్కటి మాంసంలో పడితే కూలి కోసేవాళ్లు. నాకు కోసింది మొత్తం మీద రెండుసార్లు. మా ఊళ్లో కిరాణా కొట్టుంది, మందుల కొట్టుంది, వల బాగుచేసే వాడున్నాడు. వెళ్లి అడగండి. ఐడెల్లా బాకీ అన్నవాడు ఒక్కడు కనపడితే నేనే వచ్చి మీ నేల తుడుస్తాను.

నా పేరు తప్ప నాకు ఆస్తి లేదు. దాన్ని రాసుకోవడం కూడా నాకు రాదు. అందుకే ఇంకా జాగ్రత్తగా ఉంచుకున్నాను. మీ దగ్గర దాని మీద ఏ మచ్చ ఉందో ఆ కాగితం నాకు చూపించండి. చూపించేదాకా నెలకో ఉత్తరం వస్తుంది. నాకు పని లేదు, ఎర్నెస్టీన్‌కి పోస్టల్ స్టాంపులు పాతవి చాలా ఉన్నాయి.

గుర్తు ×
సాక్షి: ఎర్నెస్టీన్ టాలివర్


లాంతరు బ్యాంకు, ఖాతాదారుల వ్యవహారాల విభాగం
మే 3

శ్రీమతి స్ట్రిబ్లింగ్ గారికి,

మీ లేఖ అందినది. మీ కోరిక మేరకు మా పాత రికార్డులు పరిశీలించాము. 1997 సెప్టెంబరులో మీ పేరున, మీ సామాజిక భద్రత నంబరుతో, టకోమా నగరపు చిరునామాపై ఒక కార్డు జారీ అయినది. 2,140 డాలర్లు వసూలు కానందున ఖాతా రద్దు చేయబడినది. కాలం చెల్లినందున ఈ సొమ్ముకై మేము దావా వేయజాలము. అయినను మా అంతర్గత రికార్డులో అది నిలిచి ఉన్నది. నాటి దరఖాస్తు నకలు జతపరచుచున్నాము.

ఈ ఖాతా మీకు తెలియకుండా తెరవబడినదైతే, జతపరచిన ప్రమాణ పత్రము నింపి, తెరిచిన వ్యక్తి పేరు తెలిసినచో తెలిపి, పోలీసు ఫిర్యాదు నకలుతో పంపవలెను. అట్లు పంపినచో రికార్డు తొలగించి, మీ తాజా దరఖాస్తును తిరిగి పరిశీలించగలము. ఖాతా మీదే అయినచో బాకీ చెల్లించి ముగించుకొనవచ్చును.

ఇట్లు,
విభాగాధికారి


డేరియన్
మే 9

వెర్లీన్,

బ్యాంకు వాళ్ల కాగితం వచ్చింది. ఎర్నెస్టీన్ పైనుంచి చదువుకుంటూ వస్తోంది. టకోమా అన్న మాట దగ్గర ఆగి నా మొహం చూసింది. టకోమా పెద్ద ఊరు, ఎవడో దొంగవెధవ అయ్యుంటాడు, చదువు అన్నాను. చదివి, పాత దరఖాస్తు నా ఒళ్లో పెట్టింది.

అందులో అక్షరాలు నాకు తెలియవు. అడుగున తోక తెలుసు.

నీ నోటితో చెప్పు.

×


టకోమా
మే 20

అక్కా,

ఈ ఉత్తరం ఇరవై ఏడేళ్లుగా రాస్తూనే ఉన్నాను. ఒక్కటీ పోస్టు చేయలేదు.

అవును, నేనే.

అమ్మ పోయిందని నువ్వు ఫోను చేసిన రోజు నా దగ్గర తొంభై డాలర్లున్నాయి. కర్టిస్ సైన్యం నుంచి బయటికొచ్చి, స్నేహితుడితో లారీల వ్యాపారం పెట్టి, మా ఇద్దరి పేర్లూ ముంచేశాడు. ఏ బ్యాంకూ నాకు కార్డు ఇవ్వదు. నువ్వు ఫోన్లో చెక్క పెట్టె అన్నావు. సరే అంటే సరిపోయేది. కాని నేను అక్కడ పెద్ద ఉద్యోగం చేస్తున్నానని మీకందరికీ రాసి ఉన్నాను కదా. "నువ్వు ఆ పెట్టెకి బేరం మాట్లాడకు అక్కా, నేను పంపుతాను" అనేశాను.

బజారులో ఆ బ్యాంకు వాళ్లు బల్ల వేసుకుని కార్డులు పంచుతున్నారు. అప్పట్లో కళ్లు మూసుకుని అక్కడికక్కడే ఇచ్చేవాళ్లు. చేరినవాళ్లకి సూట్‌కేసు బహుమతి. కాగితం తీసుకున్నాను. పేరు అన్న చోట నా చెయ్యి ఐడెల్లా అని రాసేసింది. దొంగతనం చేస్తున్నానని నాకు అప్పుడు అనిపించలేదంటే నమ్ముతావా? నీ సామాజిక భద్రత నంబరు నాకు నోటికి వచ్చు. నీ పేరు నా పేరు కంటే ఎక్కువసార్లు రాసి ఉంటాను. సంతకం పెట్టి, తోక తీశాను. అప్పుడు పక్కకి చూశాను, ఎప్పుడూ నువ్వు భుజం మీదుగా చూస్తుండేదానివి కదా. ఎవరూ లేరు. అప్పుడు తెలిసింది.

పెట్టెకి పద్దెనిమిది వందలు. నా విమానానికి నాలుగు వందలు. పది నెలలు కట్టాను. కడితే అసలులో అరవై డాలర్లు తగ్గింది, తక్కినదంతా వడ్డీకే పోయింది. తర్వాత కర్టిస్‌కి గుండె ఆపరేషను, నేను కట్టడం మానేశాను. ఉత్తరాలు వచ్చినప్పుడల్లా నీ పేరు చూసి విప్పకుండా పారేశాను. తర్వాత రావడం మానేశాయి, నేను రావడం మానేశాను. చర్చి మెట్ల మీద ఎవరైనా నా చెయ్యి పట్టుకుని ఆ పెట్టె గురించి పొగుడుతుంటే, నువ్వు పక్కన నిలబడి తల వంచుకుంటావు. అది ఒకసారి చూశాను. రెండోసారి చూడలేను.

2,140కి చెక్కు పెడుతున్నాను. ఆ ప్రమాణ పత్రంలో పేరు రాయాలంటే రాయించు. వెర్లీన్ ఒడెస్సా గేథర్స్. ఉన్నది ఉన్నట్టు రాయమను. నీ పేరు శుభ్రపడితే నీలం కార్డు ఇస్తారు. నాకు డెబ్భై నాలుగేళ్లు, నన్నేం చేస్తారు? ఏం చేసినా సరే.

నీ వెర్లీన్


డేరియన్
జూన్ 12

వెర్లీన్ గారికి,

ఇది ఐడెల్లా గారు చెప్పి రాయిస్తున్నది కాదు. ఆవిడకి తెలియకుండా రాస్తున్నాను, ఇలాంటి పని నేను ఎన్నడూ చేయలేదు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నారు. తర్వాత దాదాపు మూడు వారాలుగా, నాతో ఒకటి రెండు మాటలు తప్ప, ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడని వారం ఈ వీధికి తెలియదు, కుక్కలు కూడా అయోమయంగా ఉన్నాయి. ప్రమాణ పత్రం వంటగది బల్ల మీద ఉప్పు డబ్బా కింద ఉంది. అన్ని గడులూ నింపమన్నారు, నింపాను. "తెరిచిన వ్యక్తి" అన్న గడి దగ్గర ఆగమన్నారు. రోజూ ఉదయం నేను వెళ్లి "ఇవాళ రాయమంటారా?" అని అడుగుతాను. "కాఫీ తాగు" అంటారు.

పోలీసు ఠాణాకి తీసుకెళ్లమంటే నేను తీసుకెళ్లాలి. మీకు ముందే తెలియాలని రాశాను.

ఎర్నెస్టీన్ టాలివర్


డేరియన్
జూన్ 30

వెర్లీన్‌కి,

ఎర్నెస్టీన్ నీకు దొంగచాటుగా రాసిందని నాకు తెలుసు. పోస్టాఫీసులో పనిచేసిన మనిషికి రహస్యంగా పోస్టు చేయడం రాదు. మొహం మీదే స్టాంపు అంటించుకుని తిరిగింది.

(నేను ఒప్పుకున్నాను. — ఎర్నెస్టీన్)

నీ మీద కోపం పోలేదు. పోయిందని ఎవరైనా చెబితే నమ్మకు. చెక్క పెట్టె చాలు అని నేను అన్నప్పుడు నా దగ్గర రెండొందల డెబ్భై ఉన్నాయి. నా చేతుల్తో ఒలిచిన పీతల డబ్బు. ఆ పెట్టెకి సరిపోయేది. అది నేను సిగ్గు లేకుండా మోయగలిగిన పెట్టె. నువ్వు నా పేరు తీసుకెళ్లి గొప్ప పెట్టె కొని, దాని ముందు నన్నే తల వంచుకోనిచ్చావు. అప్పు సంగతి బ్యాంకుది. ఇరవై ఏడేళ్లు నావి. వాటికి చెక్కు రాయగలవా?

ఆ కాగితం వారాల తరబడి చూశాను. నీ పేరు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. గడి చిన్నదే. "మీకు తెలియకుండా తెరవబడినదైతే" అంటున్నాడు. అవును, తెలియకుండానే. అందులో అబద్ధం లేదు. రాయించేస్తే రేపు నీలం కార్డు వస్తుంది, ఆ మైళ్ల మీద ఎక్కి నిన్ను చూడ్డానికి రావచ్చు, జైల్లోనో బయటో. నిన్నటి దాకా రాయించేద్దామనే ఉన్నాను.

నిన్న ఆదివారం. చర్చి అయ్యాక అమ్మ దగ్గరికి వెళ్లాను. లిన్‌వుడ్ అక్కడ ఎవరిదో కొత్త గొయ్యి చూసుకుంటున్నాడు. "మా అమ్మ పెట్టెకి మీ నాన్నకి పూర్తిగా ముట్టిందా?" అని అడిగాను. "ముట్టింది గదండీ, ఆ రోజే" అన్నాడు. లిన్‌వుడ్ వాళ్లకి ముట్టింది. బ్యాంకుకి ముట్టలేదు. అంటే అమ్మ ఇన్నాళ్లూ బాకీ పెట్టెలో పడుకుని ఉంది. మన ఇంట్లో అరువు ఉప్పు కూడా తెల్లారేలోగా తిరిగిచ్చిన మనిషి! తల్లి పెట్టెకి బాకీ ఉండగా నేను నా పెట్టెకి ముందస్తు కట్టి, దాని మీద బహుమతి పుచ్చుకుని, విమానం ఎక్కి ఊరేగుతానా?

ఇవాళ పొద్దున చేపలన్నీ తీసి సింకులో పోసి, డబ్బా బయటికి తీశాను. బ్రన్స్‌విక్ వెళ్లాం. డెలాన్సీ ఆవిడ బల్ల మీద రెండు వేల నూట నలభై పెట్టాను. నోట్లు గడ్డకట్టి ఉన్నాయి, ఒక్కొక్కటీ ఊడదీయాల్సి వచ్చింది. కరిగేకొద్దీ మల్లెట్ వాసన గాజు గదంతా నిండింది. ఆవిడ ముక్కు పట్టుకోలేదు, పెంపకం ఉంది.

"ఏ ఖాతాకి అమ్మా?" అంది.

"మా అమ్మ పెట్టెకి."

"అది మీరు తెరవలేదని రాశారు కదా. ప్రమాణ పత్రం పంపితే ఒక్క సెంటు కట్టక్కర్లేదు. అసలు కట్టాలని చట్టం కూడా లేదు. ఆలోచించుకోండి."

"ఆ సంతకం నాదే. చూశాను. తోక ఉంది."

ఎర్నెస్టీన్ గోడ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంది. జలుబట.

(జలుబే. — ఎర్నెస్టీన్)

రసీదు ఇచ్చింది. ప్రమాణ పత్రం చింపి చేపల పొలుసులతో పాటు పారేశాను. నీలం కార్డు ఇప్పుడు ఇవ్వరట. చేతిలో నుంచి మూడొందలు జామీను పెడితే మామూలు కార్డు ఒకటి ఇస్తారట. మైళ్లు లేవు, వందకి ఒక్క డాలరు వెనక్కి. ఏడాది సరిగ్గా వాడితే అప్పుడు నీలం కార్డు మాట ఆలోచిస్తారట. అప్పటికి నాకు ఎనభై రెండు. లిన్‌వుడ్ ఆగాలి మరి, నా దగ్గర ఇప్పుడు పన్నెండొందల అరవై మిగిలింది. చచ్చే స్తోమత లేదు నాకు, బతకాల్సిందే.

ఇప్పుడు విను. నీ చెక్కు రెండు ముక్కలు చేసి ఇందులో పెట్టాను. అమ్మ ఇద్దరికీ అమ్మే. పెట్టెలో సగం నాది, సగం నీది. నీ సగం వెయ్యిన్నీ డెబ్భై నాకు బాకీ. పోస్టులో పంపితే తీసుకోను, ఎర్నెస్టీన్ చేత తిప్పి పంపిస్తాను. నా చేతిలో పెట్టాలి. విమానమో, రైలో, నాలుగు రోజుల బస్సో, అది నీ ఇష్టం. చర్చి మెట్ల మీద ఎవరైనా పెట్టె గురించి పొగిడితే "మేమిద్దరం కొన్నాం" అను. తల నేను ఎత్తుకుంటాను, నువ్వు దించుకోవాలో వద్దో అక్కడికొచ్చాక చూసుకుందాం.

ఇంకో పని ఉంది. ఆ మామూలు కార్డు దరఖాస్తు తెచ్చుకున్నాను. గుర్తు పెట్టమని డెలాన్సీ ఆవిడ కలం ఇచ్చింది. పెట్టలేదు. ఉప్పు డబ్బా కింద ఉంది, సంతకం గీత ఖాళీగా ఉంది. నువ్వు వచ్చి నా పేరు రాయాలి. సాక్షిగా ఎర్నెస్టీన్ ఉంటుంది. నోటితో నేను చెబుతాను. ఈసారి పక్కకి చూస్తే నేను ఉంటాను, నీ భుజం మీదుగా చూస్తూ.

కళ్లద్దాలు తెచ్చుకో. తోక మర్చిపోకు.

×